బ్యాండ్ మూతపడిందా, మనమే మూగబోయామా?

సంపాదకులు గారికి,

మనవాళ్లెవరో వంద వాట్ల రేడియోతో దక్షిణ అమెరికాతోనో, పసిఫిక్ దీవులతోనో మాట్లాడారని వార్త వస్తే చాలు, శీర్షికలో ‘వింత’ అనో ‘అద్భుతం’ అనో మాట పడుతుంది. సౌర తుఫాను వార్తలకొచ్చేసరికి వరస తిరగబడుతుంది. షార్ట్‌వేవ్ రేడియోలన్నీ మూగబోతాయని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. రెండూ సరికాదు. హామ్ రేడియో అంటే లైసెన్సు తీసుకుని సరదాకి నడిపే ఔత్సాహికుల రేడియో. దాని కాంటెస్టుల్లో, అంటే నిర్ణీత సమయంలో వీలైనన్ని స్టేషన్లతో మాట్లాడే పోటీల్లో, పెద్దవి అక్టోబరు, నవంబరు నెలల చివర్లో వస్తాయి. కొత్తగా లైసెన్సు తీసుకున్న పిల్లలు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు కాబట్టి, ఈ ‘అనుకోని దూరాల’ గురించి కాస్త వివరంగా రాస్తున్నాం. నిడివి ఎక్కువైతే మన్నించాలి.

మా మాట ఒక్కటే. షార్ట్‌వేవ్‌లో అనుకోని దూరం దొరకడానికి ఆకాశం ఎంత కారణమో, ఆ వేళకి ఎవరో ఒకరు ప్రసారం చేస్తూ ఉండటం కూడా అంతే కారణం. బ్యాండ్ (ప్రసారానికి కేటాయించిన పౌనఃపున్యాల పట్టీ) మూసుకుపోయిందని అందరూ వింటూ కూర్చుంటే, అది తెరుచుకున్న సంగతి ఎవరికీ తెలియదు. కాంటెస్టు నడిచే 48 గంటల్లో వేలాది స్టేషన్లు ఆగకుండా పిలుస్తుంటాయి. మామూలు రోజుల్లో వచ్చిపోయినా ఎవరూ గమనించని దారులు అప్పుడు బయటపడతాయి.

చరిత్ర కూడా ఇలాగే మొదలైంది. 1912 అమెరికా చట్టం ఔత్సాహికులను 200 మీటర్లు, అంతకంటే తక్కువ తరంగదైర్ఘ్యాలకు నెట్టేసింది. దూరాలకు అవి పనికిరావని అప్పటి నమ్మకం. 1921 డిసెంబరులో అమెరికా ఔత్సాహికుల సంఘం పాల్ గాడ్లీ అనే ఆయన్ని రిసీవర్‌తో స్కాట్లాండ్ తీరంలోని ఆర్డ్రోసన్‌కు పంపింది. అట్లాంటిక్ అవతల కనెక్టికట్‌లోని 1బీసీజీ స్టేషన్ సంకేతాలు ఆయనకు వినిపించాయి. 1923 నవంబరులో ఫ్రాన్స్‌లోని నీస్ నుంచి లియాన్ డెలాయ్, అమెరికా నుంచి ఫ్రెడ్ ష్నెల్ సుమారు 110 మీటర్ల మీద రెండువైపులా మాట్లాడుకున్నారు. మరుసటి ఏడాది, 1924 అక్టోబరు 18న, న్యూజిలాండ్‌లోని ఫ్రాంక్ బెల్, లండన్ మిల్ హిల్ స్కూలులోని సెసిల్ గాయ్డర్‌తో సంభాషించారు. భూగోళానికి దాదాపు అటు కొసా ఇటు కొసా అది. 1921 నాటి ప్రయోగంలో ముఖ్యమైన విషయం, ఫలానా రోజుల్లో ఫలానా వేళకి ప్రసారం చేయాలని ముందే చెప్పుకుని, అటువైపు ఒక మనిషిని కూర్చోబెట్టడం. కాంటెస్టు చేసేదీ ఆ పనే, ఇంకా పెద్ద ఎత్తున.

కాంటెస్టుల్లో పెద్దది సీక్యూ వరల్డ్ వైడ్. మాటల పోటీ అక్టోబరులో చివరి పూర్తి వారాంతంలో, మోర్స్ పోటీ నవంబరులో చివరి పూర్తి వారాంతంలో జరుగుతాయి. మన గడియారం ప్రకారం శనివారం ఉదయం 5:30కి మొదలై సోమవారం ఉదయం 5:30కి ముగుస్తుంది. ఇచ్చిపుచ్చుకునేది సిగ్నల్ రిపోర్టు, జోను (పోటీ కోసం ప్రపంచాన్ని విభజించిన ప్రాంతం) నంబరు, అంతే. మనది 22. అండమాన్ 26. వేరే ఖండపు స్టేషన్‌కి 3 పాయింట్లు, మన ఖండంలోని వేరే దేశానికి 1. ప్రతి బ్యాండ్‌లోనూ కొత్త దేశం, కొత్త జోను విడివిడిగా లెక్కకొస్తాయి కాబట్టి, ఎవరూ ఊహించని ఒక్క కాంటాక్టు మొత్తం స్కోరును లేపుతుంది. అందుకే అనుభవమున్నవాళ్లు రాత్రి పదకొండు గంటలకు 28 మెగాహెర్ట్జ్ మీద చెవి పెట్టి కూర్చుంటారు.

ఇక ‘అనుకోని’ అన్న మాట. ఎవరు అనుకోనిది? చాలామంది, ఏ గంటకి ఏ దారి తెరుచుకుంటుందో అంచనా వేసే వోకాప్ వంటి సాఫ్ట్‌వేర్ ఇచ్చే పట్టిక చూసి, ఆ గంటలో ఆ బ్యాండ్ లేదని నిర్ణయించేసుకుంటారు. అది చూపేది నెల మొత్తానికి మధ్యస్థ విలువ. నెలలో సగం రోజులు అంతకన్నా మెరుగ్గానే ఉంటాయని దాని అర్థం. విశ్వసనీయత 10 శాతం అని చూపించిందంటే ఆ దారి 30 రోజుల్లో ఏ మూడు రోజులో తెరుచుకుంటుందన్నమాట. ఆ మూడింటిలో ఒకటి కాంటెస్టు శనివారం అయితే దాన్ని వింత అనక్కర్లేదు. నెల సగటు వర్షపాతం చూసి ఈరోజు గొడుగు వద్దని ఇంట్లో పెట్టినట్టే ఉంటుంది ఆ పట్టికను గుడ్డిగా నమ్మడం. పైగా అందులో లాంగ్ పాత్‌ను విడిగా ఎంచుకోవాలి, ఎంచకపోతే దగ్గరి దారి మాత్రమే లెక్కిస్తుంది. చెదురుమదురు ఇ-పొర (ఆకాశంలో అప్పుడప్పుడు ఏర్పడి సిగ్నల్‌ని కిందికి తిప్పి పంపే పలకలు, వాటి సంగతి కింద చెప్తాం) ప్రభావం మామూలు సెట్టింగుల్లో లెక్కలోకే రాదు.

లాంగ్ పాత్ అంటే భూగోళాన్ని అవతలివైపు నుంచి చుట్టి వెళ్లే దారి. మనకు అక్కరకొచ్చే ఉదాహరణ ఒకటి దగ్గరగా చూద్దాం. హైదరాబాద్ నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకి దగ్గరి దారి సుమారు 13,500 కిలోమీటర్లు. దిక్కు ఉత్తరం నుంచి తూర్పుకి 19 డిగ్రీలు. తూర్పు సైబీరియా తీరం మీదుగా 70 డిగ్రీల అక్షాంశం దాటి పోతుంది. దాని వెనక దిక్కు 199 డిగ్రీలు, అంటే దక్షిణానికి కాస్త పడమర. అటువైపు నుంచి వెళ్తే 26,500 కిలోమీటర్లు. హిందూ మహాసముద్రం, అంటార్కిటికా అంచు, ఆపైన దక్షిణ అమెరికాకు పడమరగా పసిఫిక్ మహాసముద్రం.

ఇప్పుడు వేళ చూడండి. నవంబరు చివరి వారంలో హైదరాబాదులో సూర్యోదయం సుమారు 6:27కి. అదే రోజుల్లో శాన్ ఫ్రాన్సిస్కోలో సూర్యాస్తమయం వాళ్ల టైములో సాయంత్రం 4:52 ప్రాంతంలో, అంటే మన టైములో ఉదయం 6:22. తేడా అయిదారు నిమిషాలు. రెండు ఊళ్లూ ఒకేసారి వెలుగు-చీకటి గీత మీద ఉన్నాయి. ఆ గీత భూమిని చుట్టిన మహావృత్తం కాబట్టి, రెండు ఊళ్లనూ కలిపే దారి కూడా ఇంచుమించు ఆ గీత వెంబడే పోతుంది, దగ్గరి దారైనా దూరపు దారైనా. హామ్‌లు గ్రే లైన్ అనేది దీన్నే.

ఆ గీత మీద లాభమేమిటంటే, 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తులో ఉండే డి-పొర సిగ్నల్‌ని మింగేస్తుంది. ఎండ ఉంటేనే అది బతుకుతుంది, పొద్దు వాలగానే కరిగిపోతుంది. 200 కిలోమీటర్ల పైన ఉండి సిగ్నల్‌ని నేలకి వంచే ఎఫ్-పొర మాత్రం అంత త్వరగా పోదు. మింగేది పోయి, వంచేది ఇంకా ఉన్న సమయం అది. 7 మెగాహెర్ట్జ్‌లో ఇది ఎక్కువ తెలుస్తుంది. డి-పొర నష్టం పౌనఃపున్యపు వర్గానికి విలోమంగా ఉంటుంది కాబట్టి, ఒకే దారిలో 28 మెగాహెర్ట్జ్‌లో 1 డెసిబెల్ పోయే చోట 7 మెగాహెర్ట్జ్‌లో 16 డెసిబెళ్లు పోతాయి. నవంబరు మోర్స్ పోటీ మన 5:30కే మొదలవుతుంది. మొదటి గంట అందరూ జపాన్ వైపు తిప్పి కూర్చుంటారు. 6:10 నుంచి 6:45 మధ్య 7 మెగాహెర్ట్జ్‌కి దిగి 19 డిగ్రీల వైపూ 199 డిగ్రీల వైపూ వినండి. జోను 3 అని వినిపిస్తే అది కాలిఫోర్నియా పక్కదే.

దీనికి తిరిగే యాంటెన్నా లేకపోయినా పరవాలేదు. తీగ డైపోల్ (మధ్యలో కేబుల్ తగిలించిన తిన్నని తీగ యాంటెన్నా) తన రెండు పక్కలకీ సమంగా ప్రసారం చేస్తుంది. తీగ కొసలు 109, 289 డిగ్రీల వైపు ఉండేలా, అంటే తూర్పు-ఆగ్నేయం నుంచి పడమర-వాయవ్యానికి కడితే, పక్కలు సరిగ్గా 19, 199కి తిరుగుతాయి. ఏ దారి తెరుచుకుంటుందో మీరు నిర్ణయించే పని లేదు. మొత్తం పొడవు మీటర్లలో 143ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే వస్తుంది: 7.03కి 20.3 మీటర్లు, 14.05కి 10.2, 21.05కి 6.8, 28.05కి 5.1. ఓ జానెడు ఎక్కువే కోసి, తరవాత ట్రిమ్ చేసుకోవాలి. పిట్టగోడకి, గోడల్లోని ఇనుప చువ్వలకి దగ్గరగా ఉంటే రెజొనెన్స్ (తీగ బాగా పలికే పౌనఃపున్యం) కిందికి జారుతుంది.

పొడవుకన్నా ఎత్తు దగ్గరే ఎక్కువమంది తప్పుతారు. అడ్డంగా కట్టిన తీగ ప్రసారం చేసే కోణం ఎత్తు మీద ఆధారపడుతుంది. అర తరంగం ఎత్తులో 30 డిగ్రీలు, పూర్తి తరంగం ఎత్తులో 14 డిగ్రీల పైచిలుకు. దూరాలకు తక్కువ కోణమే కావాలి, ఎందుకంటే ఎఫ్-పొర నుంచి ఒక్క గెంతు (పొరకి తగిలి మళ్లీ నేలకి దిగే దూరం) గరిష్ఠంగా 3,500 నుంచి 4,000 కిలోమీటర్లు, అదీ సిగ్నల్ నేలబారుగా పోయినప్పుడే. 28 మెగాహెర్ట్జ్‌కి పూర్తి తరంగం పదిన్నర మీటర్లు. మూడంతస్తుల మేడ అంచున దొరికే ఎత్తు. 7 మెగాహెర్ట్జ్‌కి అదే కోణం కావాలంటే 42 మీటర్లు కావాలి, అది ఎవరికీ కుదరదు. అందుకే ఊళ్లో ఉన్న మామూలు స్టేషన్‌కి పై బ్యాండ్లలోనే ఆశ్చర్యాలు ఎక్కువ. చోటు లేకపోతే 28 మెగాహెర్ట్జ్‌కి రెండున్నర మీటర్ల నిలువు తీగ, దాని అడుగున అంతే పొడవున్న నాలుగు రేడియల్ తీగలు వాలుగా కడితే చాలు, అన్ని దిక్కులకీ తక్కువ కోణంలోనే పోతుంది.

మన పాదాల కింద సూటిగా భూమి అవతల ఉన్న చోటు పెరూకి పడమరగా పసిఫిక్‌లో పడుతుంది. దానికి దగ్గర్లో ఉన్న నేల ఈస్టర్ దీవి. హైదరాబాద్ నుంచి సుమారు 18,700 కిలోమీటర్లు, జోను 12. ఇంత దూరానికి దిక్కు అనే మాటకి అర్థం పలచబడుతుంది. ఏ దారి ఆ నిమిషంలో తెరుచుకుంటే అటునుంచి వస్తుంది. యాంటెన్నాని పుస్తకంలో ఉన్న దిక్కుకి పెట్టి, వినబడలేదని వదిలేసేవాళ్లు వదులుకునేది ఇక్కడే. తిరిగే యాంటెన్నా ఉంటే పూర్తి చుట్టూ తిప్పి వినండి. లేకపోతే లంబకోణంలో రెండు డైపోళ్లు కట్టి, రిగ్ (రేడియో సెట్టు) దగ్గర ఒక స్విచ్ పెట్టుకోండి.

బాగా తెరుచుకున్న రోజున సిగ్నల్ భూమిని పూర్తిగా చుట్టి వచ్చి తన వెనకే తాను వినబడుతుంది. ఆ ప్రతిధ్వని ఆలస్యం సుమారు 138 మిల్లీసెకన్లు. నిమిషానికి 25 మాటల మోర్స్‌లో ఒక డాట్ 48 మిల్లీసెకన్లు కాబట్టి, ప్రతిధ్వని దాదాపు మూడు డాట్ల తరవాత, అక్షరాల మధ్య ఖాళీల్లో వచ్చి పడుతుంది. అయిదు డాట్ల అంకె 5, నాలుగు డాట్ల హెచ్, మూడు డాట్ల ఎస్ ఒకదాన్నొకటి పోలడం మొదలవుతుంది. దగ్గరి దారి, లాంగ్ పాత్ రెండూ ఒకేసారి తెరుచుకున్నా ఇదే గోల. ఇలాంటప్పుడు ఫిల్టర్‌ని 200 హెర్ట్జ్ కిందికి బిగిస్తే ఇంకా చెడుతుంది, ఫిల్టరే మోగుతుంది. 400, 500కి వదిలి, యాంటెన్నాని ఒక దారి నుంచి పక్కకి తిప్పి ఆ దారిని తగ్గించడమే మందు.

దక్షిణం వైపు మనకున్న వసతి ప్రపంచంలో చాలామందికి లేదు. భూ అయస్కాంత మధ్యరేఖ దక్షిణ భారతం మీదుగా పోతుంది. 1963లో తుంబాని రాకెట్ కేంద్రంగా ఎంచుకోవడానికి కారణం అదే. ఆ రేఖ మీద పగటిపూట ఎలక్ట్రాన్లు పైకి లేచి, రెండు పక్కలా సుమారు 15 అయస్కాంత డిగ్రీల దగ్గర దిగి రెండు గుట్టలుగా పేరుకుంటాయి. ఉత్తరపు గుట్టకి తగిలిన సిగ్నల్ ఒక్కోసారి నేల తాకకుండానే దక్షిణపు గుట్టకి పోయి అక్కడ దిగుతుంది. నేల మీద పడి లేచే నష్టం తప్పుతుంది. మార్చి, అక్టోబరు నెలల సాయంత్రాలు దీనికి మంచి కాలం. అక్టోబరు మాటల పోటీలో సాయంత్రం ఆరు దాటగానే యూరప్ తగ్గిందని 28 మెగాహెర్ట్జ్ వదిలేయకండి. దక్షిణానికి తిప్పి రీయూనియన్, మారిషస్, దక్షిణాఫ్రికా, పశ్చిమ ఆస్ట్రేలియా కోసం వినండి. జోన్లు 39, 38, 29. సిగ్నల్ గరగరలాడుతూ, వణుకుతూ వస్తుంది. రిగ్ చెడిందని అనుకోవద్దు. సూర్యాస్తమయం తరవాత ఆ పొరలో లేచే బుడగల వల్ల వచ్చే గుణమది. తిరుపతి దగ్గర గాదంకిలోని 53 మెగాహెర్ట్జ్ రాడార్ ఆ బుడగలను చాలా ఏళ్లుగా గమనిస్తోంది.

వేసవి సంగతి వేరు. సూర్యబిందువులు (సూర్యుడి మీది మచ్చలు) లేని ఏళ్లలో కూడా మే నుంచి ఆగస్టు దాకా 100 కిలోమీటర్ల ఎత్తున ఇ-పొరలో పలుచని, చిక్కని పలకలు ఏర్పడతాయి. ఇవి ఎప్పుడు ఎక్కడ వస్తాయో సరిగా చెప్పే లెక్క లేదు. ఒక్క గెంతుకి గరిష్ఠంగా 2,000 నుంచి 2,200 కిలోమీటర్లు. జూన్ మూడో పూర్తి వారాంతంలో జపాన్ వాళ్లు నడిపే ఆల్ ఏషియన్ మోర్స్ పోటీ దీనికి సరిగ్గా సరిపోతుంది. టోక్యో మనకి 6,300 కిలోమీటర్లు, అంటే మూడు గెంతులు. ఈ పోటీలో రిపోర్టుతో పాటు పంపాల్సింది మన వయసు. ఆడవాళ్లకు సున్నా సున్నా పంపే వెసులుబాటు ఉంది, మగవాళ్లకి ఆ అదృష్టం లేదు.

ఈ పొర లేచిందో లేదో తెలుసుకోవడానికి శ్రీలంకలోని 4ఎస్7బి బీకన్ (వేళ ప్రకారం తనంతట తాను పలికే స్టేషన్) మనకి దగ్గర గీటురాయి. ప్రపంచవ్యాప్తంగా 18 బీకన్లు 14.100, 18.110, 21.150, 24.930, 28.200 మెగాహెర్ట్జ్‌ల మీద వంతులవారీగా పది సెకన్ల చొప్పున పలుకుతాయి. మూడు నిమిషాలకు ఒక చుట్టు. కాల్ సైన్ (స్టేషన్ పేరుగా వాడే అక్షరాలు, అంకెలు) నిమిషానికి 22 మాటల వేగంతో వస్తుంది, వెంట నాలుగు పొడుగు డ్యాష్‌లు. మొదటిది 100 వాట్లు, తరవాత 10, 1, చివరిది 0.1 వాటు. కొలంబో వంతు 14.100 మీద చుట్టు మొదలైన 1 నిమిషం 30 సెకన్లకి, 28.200 మీద 2 నిమిషాల 10 సెకన్లకి. చుట్టు ప్రతి గంట మొదట్లోనే మొదలవుతుంది కాబట్టి మన గడియారం చూసుకుంటే చాలు, సెకన్లు సరిగ్గా ఉండాలి. హైదరాబాద్ నుంచి కొలంబో 1,200 కిలోమీటర్ల లోపు. ఎఫ్-పొర మీద 28 మెగాహెర్ట్జ్ సిగ్నల్ మామూలుగా అంత దగ్గర దిగదు, మన నెత్తి మీదుగా దాటిపోతుంది. కాబట్టి అది 28.200 మీద వినిపిస్తే చాలావరకు ఇ-పొర లేచినట్టే. సూర్యబిందువులు ముమ్మరంగా ఉన్న ఏళ్లలో మధ్యాహ్నాలు మాత్రం ఎఫ్-పొరే ఆ పని చేయగలదు, దాన్ని గుర్తుంచుకోవాలి. బీకన్లు మరమ్మతులకి ఆగిపోతుంటాయి. ఆ వారం ఏవి నడుస్తున్నాయో చూసుకోకుండా ‘వినబడలేదు, బ్యాండ్ లేదు’ అనడం తప్పు. ఇంకో మాట: కాంటెస్టు హడావిడిలో 14.100 మీద సీక్యూ (‘ఎవరైనా ఉన్నారా’ అనే పిలుపు) పిలవడం మర్యాద కాదు.

ఏమీ వినబడనప్పుడు చేయాల్సిన పని పిలవడమే. ప్రతి పావుగంటకోసారి రెండు మూడు నిమిషాలు, ఒక్కో పిలుపు తరవాత నాలుగైదు సెకన్లు ఆగి, యాంటెన్నా ఒక్కో విడతకి ఒక్కో దిక్కుకి. గొంతు నొప్పెట్టకుండా రికార్డు చేసిన పిలుపును వినిపించే వాయిస్ కీయర్ వాడండి. మోర్స్‌లో అయితే ప్రపంచమంతా ఉన్న స్వయంచాలక రిసీవర్లు మీ కాల్ సైన్‌ను పట్టుకుని ఎన్ని డెసిబెళ్లతో విన్నాయో నెట్‌లో పెడతాయి. ఆ సమాచారాన్ని పోటీకి ముందు రోజుల్లో చూసి సాధన చేయండి. సాయం లేని విభాగంలో పోటీ పడుతుంటే పోటీ నడుస్తున్నంతసేపూ స్పాటింగ్ సమాచారం (ఎవరు ఎక్కడ వినబడుతున్నారో చెప్పే నెట్ కబురు) జోలికి పోకూడదు.

ఇక సౌర తుఫానులు. రెండు వేర్వేరు సంగతులను పత్రికలు కలిపేస్తున్నాయి. సౌరజ్వాల వెలువరించే ఎక్స్-కిరణాలు ఎనిమిది నిమిషాల్లో భూమిని చేరి, పగలు ఉన్న వైపు మాత్రమే డి-పొరని చిక్కన చేస్తాయి. కింది బ్యాండ్లు ముందు పోతాయి, ఆలస్యంగా తేరుకుంటాయి. 28 మెగాహెర్ట్జ్ ఆఖర్న పోయి ముందుగా తిరిగొస్తుంది. కాబట్టి 14 హఠాత్తుగా చచ్చిపడితే రిగ్ విప్పకుండా 21కి, 28కి ఎక్కండి. రాత్రి వైపున్న వాళ్లకి ఏమీ తేడా తెలియదు. రెండోది అయస్కాంత తుఫాను. ఒకటి నుంచి మూడు రోజుల తరవాత వస్తుంది, ఒకటి రెండు రోజులు ఉంటుంది. ధ్రువాల పక్కగా పోయే దారులను దెబ్బ కొడుతుంది. మనకి అమెరికా రెండు తీరాలూ అటే: న్యూయార్క్ 337 డిగ్రీలు, శాన్ ఫ్రాన్సిస్కో 19. రెండూ పోతాయి. ఆఫ్రికా, హిందూ మహాసముద్రపు దీవులు, ఆస్ట్రేలియా దారులు చాలాసార్లు నిలబడతాయి. కె-సూచిక (అయస్కాంత అలజడిని కొలిచే అంకె) 5 దాటితే దక్షిణానికి తిరగండి, స్టేషన్ మూసేయకండి. 2024 మే 10, 11 తేదీల తుఫాను అత్యధికమైన జి5 స్థాయిది. లద్దాఖ్‌లోని హాన్లేలో అరుణకాంతి కనిపించింది కూడా. అలాంటివి అరుదు, కాంటెస్టు వారాంతాల్లో ఎదురయ్యేవి ఎక్కువగా జి1, జి2లే.

ఇంకొక పాత చిట్కా ఉంది. సూర్యుడు మనవైపు నుంచి చూస్తే సుమారు 27 రోజులకొకసారి తన చుట్టూ తాను తిరుగుతాడు. కాంటెస్టు తేదీ నుంచి 27 రోజులు వెనక్కి లెక్కపెట్టి ఆ రోజు కె-సూచిక ఎంతుందో చూడండి. కరోనా రంధ్రాల (సూర్యుడి బయటి పొరలోని ఖాళీల) వల్ల వచ్చే అలజడి చాలావరకు మళ్లీ అదే లెక్కన వస్తుంది. 2019 డిసెంబరులో మొదలైన ఇప్పటి సౌరచక్రం 2024 అక్టోబరు ప్రాంతంలో శిఖరం దాటింది. దిగే దశలో ఇలాంటి పునరావృత అలజడులే ఎక్కువ కాబట్టి ఈ చిట్కా రాబోయే ఏళ్లలో బాగా పనిచేస్తుంది. 28 మెగాహెర్ట్జ్ రోజూ తెరుచుకునే రోజులూ తగ్గుతాయి. పట్టికలో ఉండని ఓపెనింగుల కోసం వెతకాల్సిన కాలం ఇప్పుడే మొదలైంది.

మన ఊళ్లలో అసలు శత్రువు ఆకాశం కానే కాదు, ఇంట్లోనే ఉంటుంది. ఎల్ఈడీ బల్బుల డ్రైవర్లు, సెల్ ఛార్జర్లు, ఇన్వర్టర్లు, డాబా మీది సోలార్ ఇన్వర్టర్లు కలిసి, సిగ్నల్ బలం చూపే మీటర్‌ని ఎస్7 దగ్గర నిలబెడితే ఈస్టర్ దీవి నుంచి ఎస్4తో వచ్చే సిగ్నల్ ఎలా వినబడుతుంది? ఒక ఎస్ యూనిట్ 6 డెసిబెళ్లు, అంటే అవతలి మనిషి 18 డెసిబెళ్ల మేర శక్తి పెంచాలి, 100 వాట్లకి 6 కిలోవాట్లు పైమాటే. అంతకన్నా చవక పని, రిగ్‌ని 12 వోల్టుల బ్యాటరీ మీద నడుపుతూ ఇంటి మెయిన్ ఆపి నాయిస్ ఎంత పడిందో రాసుకోవడం. తరవాత ఎంసీబీలు ఒక్కొక్కటే వేస్తూ ఏది వేసినప్పుడు మీటర్ లేచిందో పట్టుకోవాలి. మెయిన్ ఆపినా పడకపోతే అది పక్కింటిదో, కరెంటు స్తంభం మీది పగిలిన ఇన్సులేటర్‌దో. స్తంభం అయితే ఎండిన రోజుల్లో పెరిగి వాన పడగానే మారుతుంది, సరఫరా సిబ్బందికి ఆ గుర్తు చెప్పండి. యాంటెన్నాని రిగ్‌కి కలిపే కోయాక్స్ కేబుల్ బయటి తొడుగు మీదుగా పాకే నాయిస్‌కి 31 రకం ఫెర్రైట్ రింగు మీద, బయటి వ్యాసం 2.4 అంగుళాలది, పలుచని కోయాక్స్ 10 నుంచి 12 చుట్లు చుట్టి యాంటెన్నా దగ్గర ఒకటి, రిగ్ దగ్గర ఒకటి పెట్టాలి. ఏ రకమో తెలియని రింగు బజార్లో కొంటే సగంసార్లు స్విచింగ్ సప్లై కోసం చేసిన ఇనుప పొడి రింగు దొరుకుతుంది. అది ఇందుకు పనికిరాదు.

దూరం అనుకోనిదైతే అనుమానం కూడా రెట్టింపు ఉండాలి. కాల్ సైన్ ఒక్క అక్షరం తప్పు వింటే దేశమే మారిపోతుంది. పోటీ నిర్వాహకులు రెండువైపుల లాగులనూ (కాంటాక్టుల చిట్టాలనూ) పోల్చి తప్పు కాల్‌కి పాయింట్లు తీసేయడమే కాక అదనంగా కోత వేస్తారు. అవతలివాడు చెప్పిన జోను, కాల్ సైన్ ముందక్షరాలతో సరిపోతుందా చూడండి, సరిపోకపోతే మళ్లీ అడగండి. లాగు యూటీసీలోనే (అంతర్జాతీయ ప్రమాణ సమయంలోనే) ఉండాలి. మన టైములో ఉదయం 5:30 లోపు జరిగిన కాంటాక్టులు యూటీసీలో ముందు రోజు తేదీన పడతాయి. కంప్యూటర్ టైమ్ జోన్ తప్పుంటే లాగు మొత్తం అయిదున్నర గంటలు పక్కకి జరిగి, నిజంగా జరిగిన కాంటాక్టులు కూడా ఎవరితోనూ సరిపోవు.

మీ పత్రికకు ఒక విన్నపం. వాతావరణం పెట్టెలో ఎండ, వాన, సూర్యోదయాస్తమయాలు రోజూ వేస్తున్నారు. దాని పక్కన మూడు అంకెలు వేయండి: కెనడాలోని పెంటిక్టన్‌లో కొలిచే 10.7 సెంటీమీటర్ల సౌర ఫ్లక్స్ (సూర్యుడి నుంచి వచ్చే రేడియో తరంగాల బలం), కె-సూచిక, గత 24 గంటల్లో ఎం5 స్థాయి దాటిన సౌరజ్వాల ఉంటే దాని వేళ మన టైములో. ఫ్లక్స్ 70 ప్రాంతంలో ఉంటే సూర్యుడు నిద్రలో ఉన్నట్టు, 150 దాటితే 28 మెగాహెర్ట్జ్ మీద ఆశ పెట్టుకోవచ్చు. మూడూ ఉచితంగా దొరికే అంకెలే, రెండు లైన్ల చోటు చాలు. అక్టోబరు పోటీకి ముందు వారమైనా వేసి చూడండి. ఎవరైనా అనుకోని దూరం పట్టామని మీ విలేకరికి చెబితే, ఏ మెగాహెర్ట్జ్, యూటీసీలో ఎన్ని గంటలకి, యాంటెన్నా ఏ దిక్కుకి, సూర్యుడు ఆ రెండు ఊళ్లలో ఎక్కడున్నాడు అన్న నాలుగూ అడిగి వార్తలో రాయమనండి.

ఇట్లు,
హామ్ రేడియో లైసెన్సుదారులు కొందరు,
విశాఖపట్నం